ఎండకు కొదవ లేదు, నీడకే కరువు: కడపలో కట్టించిన క్యాంపు సోలార్ సెట్టు

ముందు లెక్క చెప్తాను. 100 వాట్ల ప్యానెళ్లు రెండు, 12.8 వోల్టుల 50 ఏహెచ్ (ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే ఆంపియర్ అవర్ కొలత) లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చే 20 ఆంప్స్ ఎంపీపీటీ చార్జ్ కంట్రోలర్, 300 వాట్ల ఇన్వర్టర్, తీగలు, ఫ్యూజులు, డబ్బా, కూలీ అన్నీ కలిపి 39,500 రూపాయలైంది. కట్టించింది కడపలో, ఏడు రోడ్ల దగ్గర ఒక సందులో ఉన్న బ్యాటరీల షాపులో. షాపు పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సిన పనులున్నాయి, గొడవపడిన పనులూ ఉన్నాయి. రెండూ దాచకుండా రాయాలంటే పేరు లేకపోవడమే మంచిది.

నేను కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన వాణ్ణి. ఊరు ప్రొద్దుటూరు. చలికాలం వచ్చిందంటే మనవరాలిని, మనవణ్ణి వెంటేసుకుని గండికోటకు పోయి టెంటు వేసుకోవడం మా ఇంటి సరదా. జమ్మలమడుగు దాటితే కోట ఎంతో దూరం లేదు. పెన్న లోయ చూడటానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తుంటే, పక్క ఊళ్లో ఉండి మేం పోకపోతే ఎట్లా?

అయితే నాకొక ఇబ్బంది ఉంది. రాత్రి ముక్కుకు మాస్కు తగిలించుకుని పడుకునే సీపాప్ మిషన్ లేనిదే నిద్రలో నాకు ఊపిరి సరిగా ఆడదు. ఇంట్లో దాన్ని గురక మిషన్ అంటారు. అది పెట్టుకోకపోతే పక్క టెంట్ల వాళ్లకూ నిద్ర ఉండదు. జనరేటర్ తెస్తే ఆ మోతకు గండికోట పోవడమే దండగ. కాబట్టి సోలార్ సెట్టు నాకు ముచ్చట కాదు, అవసరం. ఫోన్ చార్జింగ్‌కు మాత్రమే కావాలనుకునేవాళ్లు ఇంత ఖర్చు పెట్టక్కర్లేదు. పెద్ద పవర్ బ్యాంకు ఒకటి కొనుక్కుని హాయిగా పోవచ్చు.

షాపుకు పోయేముందు ఇంట్లో కూర్చుని లోడు లెక్క వేశాను. గురక మిషన్‌లో గాలికి తేమ పట్టించే హీటర్ ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే నా మిషన్ 70 వాట్ల దాకా లాగుతుంది, ఆపేస్తే 30 దాటదు. డాక్టరును అడిగితే క్యాంపు రాత్రులకు తేమ ఆపుకోవచ్చన్నారు. మీకూ ఇట్లాంటి మిషన్ ఉంటే మీ డాక్టర్నే అడగండి, నా మాట మీద ఆపొద్దు. ఇక టెంటులో చిన్న డీసీ ఫ్యాన్ 20 వాట్లు, 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బులు రెండు, నాలుగు ఫోన్లు. మొత్తం ఒక రాత్రికి అర యూనిట్టుకు కొంచెం అటూ ఇటూ. ఇంట్లో అర యూనిట్టు ఎవరి లెక్కలోకీ రాదు. బయట అదే అర యూనిట్టును ఎండలోంచి పట్టి, దాచి, రాత్రికి వాడుకోవాలంటే ఎంత తతంగమో ఈ పనిలో దిగితే తెలుస్తుంది.

షాపు ఓనరు మొదట నాకు ట్యూబులర్ రకం సీసం బ్యాటరీ అమ్మాలని చూశాడు. "సార్, ట్యూబులర్‌కు మించింది లేదు. లిథియమంతా చైనా సరుకు, రేపు పాడైతే ఎవురు చూస్తారు?" అన్నాడు. అతని మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇంట్లో ఇన్వర్టర్ కింద పెట్టడానికైతే నేను కూడా ట్యూబులరే కొంటా. కానీ సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు పడిపోతుంది. కాబట్టి నాకు 100 ఏహెచ్‌ది కావాలి. అది 30 కిలోలకు తక్కువ ఉండదు, కారు కుదుపులకు ఆసిడ్ చిందుతుంది. నా వయసులో దాన్ని డిక్కీలోంచి దించి బండల మీద మోసేదెవరు? లిథియం ఫాస్ఫేట్‌ది 50 ఏహెచ్ అయినా ముప్పాతిక భాగం పైనే ధైర్యంగా వాడుకోవచ్చు. బరువు ఏడు కిలోల లోపే. రెండు వేల సైకిళ్ల (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) పైనే వస్తుందని కంపెనీలు చెప్తాయి. అందులో సగం వచ్చినా నాకు చాలు, నేను ఏడాదికి పోయే క్యాంపులు ఎన్నని!

బ్యాటరీ విషయంలో నేను పెట్టిన షరతు ఒకటే. స్టిక్కరు మీద రాసింది నమ్మను, ఖాళీ చేసి చూపించమన్నాను. ఓనరు మొహం మాడ్చుకున్నాడు గానీ, లోపల పనిచేసే కుర్రాడు హుషారుగా ముందుకొచ్చాడు. ఫుల్ చార్జ్ చేసి, పాత కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి తగిలించి, పక్కన ఏహెచ్ లెక్కపెట్టే చిన్న మీటరు కట్టి, రాత్రంతా వదిలేశాడు. పొద్దున బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూట్ బీఎంఎస్ కటాఫ్ అయ్యేసరికి మీటరు 48 చూపించింది. 50 అని అమ్మిన బ్యాటరీకి 48 వస్తే మంచి సరుకే. మార్కెట్లో 50 అని రాసి 35 ఇచ్చేవి కూడా తిరుగుతున్నాయి, బయటి నుంచి చూస్తే రెండింటికీ తేడా కనపడదు. లిథియం కొనేవాళ్లు ఎవరైనా సరే, ఎక్కడైనా సరే, ఈ ఒక్క పరీక్ష అడగండి. ఒక రాత్రి ఆలస్యమైతే కొంపలేం మునగవు.

ప్యానెళ్లకు వద్దాం. మడత పెట్టే గుడ్డ రకం ప్యానెళ్లు తేలిక, చూడటానికి బాగుంటాయి, ధర మాత్రం అద్దం ప్యానెల్‌కు రెండింతల పైమాటే. నేను మామూలు అద్దం ప్యానెళ్లే రెండు తీసుకుని, ఒక వెల్డింగ్ షాపులో రెండింటికీ బందులు పెట్టించి బ్రీఫ్‌కేసు మాదిరి మూసుకునేట్టు చేయించాను. వెల్డింగాయన కాళ్లు పెట్టేటప్పుడు "సార్, మన కడపకు 15 డిగ్రీలు, దక్షిణం వైపు, అందరికీ అంతే పెడతా" అన్నాడు. కడప అక్షాంశం 14 డిగ్రీలన్నర కాబట్టి ఏడాది పొడుగునా కదపకుండా ఇంటి మీద పెట్టే ప్యానెల్‌కు ఆ లెక్క సరైనదే. కానీ నేను పోయేది డిసెంబరు, జనవరిలో. అప్పుడు సూర్యుడు మధ్యాహ్నం కూడా నడినెత్తికి రాడు, దక్షిణానికి బాగా వాలి ఉంటాడు. డిసెంబరు మధ్యాహ్నానికి ప్యానెల్ 35 నుంచి 40 డిగ్రీలు లేచి నిలబడాలి. నేల మీద చాప పరిచినట్టు పరిస్తే అయిదో వంతు పోతుంది. 15 డిగ్రీలకు పెడితే ఎనిమిది శాతం దాకా పోతుంది. అందుకని కాళ్లకు మూడు గాట్లు పెట్టించాను. ఏప్రిల్ ఆఖర్లో మాత్రం మన కడపలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదుంటాడు, అప్పుడు పడుకోబెట్టేయొచ్చు. ఆ ఎండల్లో క్యాంపుకు పోయేవాళ్లుంటే నాకు వాళ్లతో పని లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మన రాయలసీమలో సోలార్ అనగానే అందరూ అనే మాట, "మనకేంది సామీ, కావల్సినంత ఎండ" అని. నిజమే. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఈ ఎండను చూసే. కానీ ప్యానెల్ వెనక స్టిక్కరు మీద రాసే 100 వాట్లు, దాని సెల్లు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటి లెక్క. మన మధ్యాహ్నపు ఎండలో ఆ సెల్లు 60, 65కు పోతుంది. ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.5 శాతం దాకా కరెంటు తగ్గుతూ పోతుంది. అంటే ఎండ దండిగా ఉన్నా 100 వాట్ల ప్యానెల్ 85 ఇస్తే గొప్ప. ప్యానెల్ సంగతి సరే, ఎండలో ఉండటమే దాని పని. బ్యాటరీ, కంట్రోలర్, ఇన్వర్టర్ మాత్రం ఎండలో ఉండకూడదు. లిథియం ఫాస్ఫేట్‌ను 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయడం మంచిది కాదు. కాబట్టి మన దగ్గర సెట్టు కట్టుకునేవాడు ఎండ గురించి కాదు, నీడ గురించి ఆలోచించాలి. నా సెట్టులో ప్రతి వస్తువునూ నేను ఎంచింది ఆ లెక్కతోనే. షాపువాళ్లతో నాకొచ్చిన పేచీలూ దాదాపు అన్నీ అక్కడే.

మొదటి పేచీ కంట్రోలర్ దగ్గర. ఎంపీపీటీకి డబ్బు తీసుకుని, నీలం రంగు డబ్బా ఒకటి బిగించారు. దాని మీద ఎంపీపీటీ అని పెద్దక్షరాలతోనే ఉంది. చేత్తో పట్టుకుంటే బొత్తిగా బరువు లేదు. లోపల కాయిల్ ఉండే అసలు ఎంపీపీటీ అంత తేలిగ్గా ఉండదు. నా సంచిలో తీగను కోయకుండానే చుట్టూ తగిలించి ఆంప్స్ చూసే డీసీ క్లాంప్ మీటర్ ఎప్పుడూ ఉంటుంది, ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. మిద్దె మీదికి పోయి, మధ్యాహ్నం పన్నెండున్నరకు ప్యానెళ్లు రెండూ సమాంతరంగా కలిపి, ప్యానెల్ వైపు తీగకు క్లాంపు వేశాను. 10.2 ఆంప్స్. బ్యాటరీ వైపు తీగకు వేశాను. 10.2 ఆంప్స్. ప్యానెల్ వోల్టేజీ చూస్తే అది కూడా బ్యాటరీ వోల్టేజీకి దిగొచ్చి 13.4 దగ్గర కూర్చుంది. ఇంకేం కావాలి? అది పీడబ్ల్యూఎం, అంటే ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపే చౌక రకం. ఎంపీపీటీ అయితే ప్యానెల్‌ను దానికి నచ్చిన వోల్టేజీలో ఉంచి, మిగిలిన వోల్టేజీని ఆంప్స్‌గా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. అటూ ఇటూ ఒకే ఆంప్స్ ఎన్నటికీ రాదు.

కిందికి దిగి ఓనరుతో చెప్తే "అందరికీ ఇదే ఇస్తాండాం సార్, ఎవురూ ఏం అనలే" అన్నాడు. అనరు మరి. చూసేవాడెవడు? కుర్రాడిని పిలిచి వాడి చేతికి మీటరిచ్చాను. వాడు రెండు వైపులా చూసి, ఓనరు మొహం వైపు చూసి, ఏం మాట్లాడకుండా మీటరు నా చేతిలో పెట్టాడు. ఓనరు కూడా మొండికేయలేదు. ఇంకో మాట లేకుండా దాన్ని వెనక్కి తీసుకుని, మూడు రోజుల్లో అసలుది తెప్పించాడు, అదనంగా రూపాయి అడగలేదు. బరువుగా, వెనకంతా అల్యూమినియం రెక్కలతో, 100 వోల్టుల దాకా ఓర్చుకునే రకం. ఈసారి ప్యానెళ్లు రెండూ వరసగా కలిపి అదే మిద్దె మీద, అదే వేళకు చూశాం. ప్యానెల్ వైపు 31 వోల్టులు, 5.1 ఆంప్స్. బ్యాటరీ వైపు 11.4 ఆంప్స్. కుర్రాడికి ఆ అంకె చూసి నవ్వాగలేదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. 10.2 నుంచి 11.4 అంటే లాభం వందకు పన్నెండే. ఎంపీపీటీ పెడితే ముప్పై శాతం ఎక్కువొస్తుందని ఊదరగొట్టే వీడియోలు చలి దేశాల లెక్కలు. మన వేడికి ప్యానెల్ వోల్టేజీయే దిగిపోతుంది కాబట్టి, మార్చి ఇవ్వడానికి మిగిలేదే తక్కువ. ఒక్క 100 వాట్ల ప్యానెల్ పెట్టుకునేవాడు ఎనిమిది వందల రూపాయల పీడబ్ల్యూఎంతో నిక్షేపంగా గడుపుకోవచ్చు. మరి నాకెందుకు 4,800 పెట్టి ఎంపీపీటీ అంటే, మళ్లీ నీడ కోసమే. ప్యానెల్ ఎండలో, బ్యాటరీ చెట్టు కింద ఉండాలంటే మధ్యలో పది మీటర్ల తీగ కావాలి. సమాంతరంగా కలిపి పది ఆంప్స్‌ను సన్నటి 1.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) తీగలో పంపిస్తే, పోనూ రానూ ఇరవై మీటర్లకు రెండున్నర వోల్టులు దారిలోనే తీగను వేడి చేయడానికి పోతాయి. ఉన్నదే పదహారు వోల్టులు, అందులో రెండున్నర! వరసగా కలిపి, వోల్టేజీ పెంచి, అయిదు ఆంప్స్‌ను 4 స్క్వేర్ తీగలో పంపిస్తే పోయేది అర వోల్టు. డిపార్ట్‌మెంటులో హైటెన్షన్ లైన్లు ఎందుకుంటాయో ఇక్కడా అందుకే. పీడబ్ల్యూఎంతో ఈ పని కాదు.

రెండో పేచీ ఫ్యూజు. ఓనరు ఫ్యూజును ఇన్వర్టర్ పక్కన, కనపడేట్టు అందంగా బిగించాడు. "ఇన్వర్టర్‌కు ఏం కాకూడదు కదా సార్" అని సమర్థించుకున్నాడు. ఫ్యూజు ఉండేది వస్తువు కోసం కాదు, తీగ కోసం. బ్యాటరీ ప్లస్ నుంచి ఇన్వర్టర్ దాకా ఉన్న తీగ ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయిందనుకోండి, ఫ్యూజు ఆ చివర ఉంటే దానికి ఏ సంగతీ తెలియదు. తీగ ఎర్రగా కాలుతూనే ఉంటుంది. చేతిలో పట్టే లిథియం బ్యాటరీ కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, షార్ట్ అయితే అది వందల ఆంప్స్ కక్కుతుంది. బీఎంఎస్ ఆపుతుందంటారు. ఆపుతుంది, అది పనిచేస్తున్నంత కాలం. ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోపు ఫ్యూజు ఉండాలని చెప్పి అక్కడికి మార్పించాను.

ప్యానెల్ వైపు పెట్టిన ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) ఇంటి బోర్డుల్లో వాడే ఏసీ రకం. దాన్ని కూడా తీయించాను. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చిపోతుంది కాబట్టి, స్విచ్ తెరుచుకున్నప్పుడు లేచే మంట దానంతటదే ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా ఉండదు. వోల్టేజీ కాస్త ఎక్కువైతే లేచిన మంట ఆరదు, ఎంసీబీ లోపలే కరిగిపోతుంది. డీసీ ఎంసీబీ అని విడిగా దొరుకుతుంది, ధర తేడా వంద, నూటయాభై. పంపుసెట్ల సోలార్ పెట్టించుకునే రైతులు కూడా ఇది ఒకసారి చూసుకోవడం మంచిది.

పొగడాల్సింది లగ్గుల పని, అంటే తీగ చివర నొక్కి బిగించే లోహపు కొసల పని. ఆ కుర్రాడు లగ్గు నొక్కిన తీరు చూస్తే మా డిపార్ట్‌మెంటులో ఇట్లాంటి చేయి ఉంటే ఎన్ని జంపర్లు (లైన్లను కలిపే తీగ ముక్కలు) కాలకుండా ఉండేవో అనిపించింది. తీగ తోలు కొలిచి తీశాడు, ఒక్క పోగు తెగలేదు. లగ్గు లోపలికి తీగ పూర్తిగా పోయిందో లేదో చిన్న రంధ్రంలోంచి చూసుకున్నాడు. సుత్తితో కొట్టకుండా హైడ్రాలిక్ క్రింపర్‌తో రెండు చోట్ల నొక్కాడు. తర్వాత లగ్గు పట్టుకుని బలమంతా పెట్టి లాగాడు, ఊడలేదు. అప్పుడు పైన స్లీవ్ తొడిగి వేడి గాలి పట్టించాడు. ఈ పనులన్నీ ఎవరూ చూడనప్పుడు కూడా చేస్తున్నాడు, నేను బయట టీ తాగుతూ గమనించాను. లోడు మీద గంటసేపు నడిపి ప్రతి లగ్గునూ వేలితో తాకి చూశాను, ఒక్కటి కూడా వెచ్చబడలేదు. నేను ఆ షాపుకు మార్కులు వేస్తే అందులో ముప్పాతిక ఆ చేతికే.

గండికోటలో ఎట్లా నడిచిందంటే, బ్రహ్మాండంగా నడిచింది. కోట లోపల బండలన్నీ ఎర్రటి క్వార్ట్‌జైట్. పగలంతా వేడి పీల్చి పొద్దుగూకాక కూడా వదుల్తూనే ఉంటాయి. అందుకని బ్యాటరీ డబ్బా కింద రెండు చెక్క పట్టీలు కొట్టించాను. డబ్బా బండకు ఆనదు, కింద నుంచి గాలి ఆడుతుంది. డబ్బాను వేప చెట్టు కింద పెట్టి, ప్యానెళ్లను ఎండలోకి తీసుకుపోయాం. లోయ అంచున గాలి ఎక్కువ, ప్యానెల్ కాళ్లకు రాళ్లు కట్టకపోతే పడిపోతుంది. రాళ్లకు అక్కడ కొదవ లేదు. బ్యాటరీలో పెట్టిన చిన్న థర్మామీటరు మిట్టమధ్యాహ్నం కూడా 36 దాటలేదు. నీడ జరిగినకొద్దీ డబ్బాను జరిపే డ్యూటీ మనవడికి అప్పగించాం. వాడు చెట్టు నీడను నా కన్నా శ్రద్ధగా చూసుకున్నాడు.

కోతుల సంగతి మాత్రం షాపువాళ్లెవరూ చెప్పరు. ఒక కోతి ప్యానెల్ వెనక వేలాడే తీగ పట్టుకుని లాగింది. కనెక్టర్లు గట్టివి కాబట్టి ఊడలేదు, ప్యానెల్ మాత్రం వెల్లకిలా పడబోయింది. అప్పట్నుంచి తీగను నేల మీద పరిచి పైన మట్టి, చిన్న రాళ్లు కప్పుతున్నాం. తినేవి ప్యానెల్ దగ్గర పెట్టకండి.

రాత్రి సంగతి. గురక మిషన్‌ను ఇన్వర్టర్ మీద కాకుండా, 12 వోల్టులను 24కు పెంచే డీసీ కన్వర్టర్ మీద నడిపాను. నా మిషన్ అడాప్టర్ ఎటూ 24 వోల్టుల డీసీయే ఇస్తుంది. బ్యాటరీ డీసీని ఇన్వర్టర్‌తో ఏసీ చేసి, మళ్లీ అడాప్టర్‌తో డీసీ చేయడం దండగ పని. పైగా ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉంటేనే ఎనిమిది వాట్లు మింగుతుంది, తెల్లారేసరికి రెండు బల్బుల కరెంటు గాలికి పోతుంది. మీ మిషన్ వోల్టేజీ, పిన్ను, ఆంప్స్ అడాప్టర్ మీద చూసుకుని దానికి తగ్గ కన్వర్టరే తీసుకోండి. తెల్లారి లేచి చూస్తే బ్యాటరీలో ముప్పై శాతం మిగిలింది, మధ్యాహ్నం రెండుకల్లా మళ్లీ నిండింది.

ఈ లెక్కన 4,200 పెట్టి కొన్న ఇన్వర్టర్‌కు పనేం లేదు. మనవరాలి ల్యాప్‌టాప్‌కు ఒకసారి పెట్టాం, అంతే. మా ఆవిడ మాత్రం "ఇంత పెట్టి కట్టించినారే, మిక్సీ తిరుగుతాదా?" అని అడిగింది. 300 వాట్ల దాని మీద 500 వాట్ల మిక్సీ ఎట్లా తిరుగుతుంది? ఆమె ముందే తెలివిగా చెనిక్కాయల ఊరుమిండి ఇంటి దగ్గరే కొట్టి తెచ్చింది కాబట్టి సంగటికి లోటు రాలేదు. మీరు కట్టించుకునేటట్టయితే ఇన్వర్టర్ తర్వాత చూద్దాంలే అనండి. షాపువాడు బలవంతం చేస్తాడు, లొంగకండి.

మా అల్లుడు బెంగళూరు నుంచి రెడీమేడ్ పవర్ స్టేషన్ తెచ్చాడు. బ్యాటరీ, కంట్రోలర్, ఇన్వర్టర్ అన్నీ ఒకే డబ్బాలో. మడత ప్యానెల్‌తో కలిపి 62 వేలు. చూడముచ్చటగా ఉంది, స్క్రీన్ మీద అంకెలు చక్కగా కనపడతాయి, ఎవరైనా వాడొచ్చు. కానీ దాని ప్యానెల్ తీగ పొడవు మూడు మీటర్లు. ప్యానెల్ ఎండలో పెడితే డబ్బా కూడా ఎండలోనే ఉండాలి. ఒంటిగంటకల్లా లోపలి ఫ్యాన్ గీపెట్టడం మొదలెట్టి, కాసేపటికి వేడెక్కిందని చార్జింగే ఆపేసింది. చెట్టు కిందికి మారిస్తే మళ్లీ తీసుకుంది, అప్పటికి మంచి ఎండ పోయింది. అల్లుడు పొడవాటి తీగ ఒకటి విడిగా కొన్నాక ఇబ్బంది తగ్గింది. రేపు దాని బ్యాటరీ పోతే డబ్బా మొత్తం సర్వీసుకు పంపాలి. నాదైతే ఏది పోతే అది విప్పి మార్చుకుంటా. అట్లాగని అందరూ నా దారినే రమ్మనను. స్పానర్ పట్టడం రానివాళ్లు, ఫ్యూజు సంగతి పట్టించుకోనివాళ్లు ఆ డబ్బానే కొనుక్కోండి, తీగ మాత్రం పొడవుది తీసుకోండి.

మబ్బు పడితే ఏ సెట్టయినా ఒకటే. నవంబరులో అల్పపీడనం పట్టిన రోజుల్లో 200 వాట్ల నా ప్యానెళ్లు ఇరవై, ముప్పై వాట్లకు దిగిపోయాయి. ఆ రోజుల్లో క్యాంపుకు పోకపోవడమే నా పద్ధతి.

షాపు గురించి చివరిగా నాలుగు మాటలు. లిథియం అని సెట్ చేయాల్సిన కంట్రోలర్‌ను సీసం బ్యాటరీ సెట్టింగులోనే వదిలేసి ఇచ్చారు. అట్లా వదిలేస్తే ఈక్వలైజ్ అంటూ వోల్టేజీని అవసరానికి మించి పైకి తోస్తుంది. నేను 14.4 దగ్గర ఆపేట్టు, ఈక్వలైజ్ లేకుండా మార్పించుకున్నాను. జీఎస్టీ బిల్లు అడిగితేనే ఇచ్చారు. బ్యాటరీకి మూడేళ్ల వారంటీ కార్డు మీద తేదీ, సీరియల్ నంబరు రాయడం మర్చిపోయారు, కౌంటరు దగ్గరే నిలబడి రాయించుకున్నాను. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తుతారు, దాచిపెట్టరు, తప్పు చూపిస్తే సరిచేస్తారు. అది చిన్న సంగతేం కాదు.

ఖర్చు విడివిడిగా అడిగేవాళ్ల కోసం: ప్యానెళ్లు 8,400, బ్యాటరీ 14,500, కంట్రోలర్ 4,800, ఇన్వర్టర్ 4,200, గురక మిషన్ కన్వర్టర్ 1,400, తీగలు, ఫ్యూజులు, ఎంసీబీ, సాకెట్లు, డబ్బా కలిపి 3,600, షాపు కూలీ 1,500, బందులకూ కాళ్లకూ వెల్డింగాయనకు 1,100. ఇన్వర్టర్ వదిలేసుకుంటే 35,300లో అయిపోతుంది. ఆదివారం షాపు ఉండదు. పోయేటట్టయితే పొద్దున పదకొండు లోపు పోండి, అప్పుడు ఆ కుర్రాడు ఖాళీగా ఉంటాడు. లగ్గులు వాడితోనే నొక్కించండి. డీసీ క్లాంప్ మీటర్ మీకు లేకపోతే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుపోండి, మధ్యాహ్నం పన్నెండుకు మిద్దె ఎక్కి రెండు వైపులా ఆంప్స్ చూసుకున్నాకే మిగతా డబ్బు కట్టండి.